పేపరు మీద ఏడో పేరు

1945 ఆగస్టులో అమెరికా పత్రిక 'సైన్స్'లో ఓ చిన్న పేపరు వచ్చింది. కాలేయం నుంచి తీస్తున్న ఒక పదార్థాన్ని ప్రయోగశాలలో కూడా తయారు చేయగలిగామన్నది అందులో విషయం. ఆ పదార్థాన్నే ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ అంటున్నాం. గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చే మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉండేది అదే. పేపరు మీద పదహారు పేర్లున్నాయి. మొదటి పేరు ఆంజియర్. ఏడో పేరు సుబ్బారావు. భీమవరంలో పుట్టి, హార్వర్డ్ మీదుగా లెడర్లీ లేబొరేటరీస్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావే ఆయన. అప్పటికి ఆ సంస్థలో పరిశోధన విభాగానికి డైరెక్టరు.

డైరెక్టరుగారి పేరు ఏడోది కావడమేమిటి, మనవాడికి అన్యాయం జరిగిందే అని చప్పున అనిపిస్తుంది. జరిగింది అది కాదు. పని చేసినవాళ్లను రెండు జట్లుగా రాసి, ఒక్కో జట్టులో పేర్లను ఇంగ్లిషు అక్షరక్రమంలో పెట్టారు. 'ఏ'తో మొదలయ్యే ఆంజియర్ ముందుకొచ్చాడు, 'ఎస్'తో మొదలయ్యే సుబ్బారావు వెనక్కి వెళ్లాడు. మన పద్ధతిలో ఇంటిపేరును లెక్కలోకి తీసుకుని ఉంటే మరో మెట్టు దిగి, వాలర్ అనే సహరచయిత తర్వాత ఎనిమిదో పేరయ్యేది.

చిక్కు తర్వాత మొదలైంది. ఆ పేపరును ప్రస్తావించే ప్రతివాళ్లూ 'ఆంజియర్, తదితరులు, 1945' అని రాస్తారు. పేర్లు ఏ వరుసలో ఎందుకున్నాయో తెలిసినవాళ్లు పోయాక మిగిలేది ఆ మొదటి పేరే. అదే సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగా ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చూడండి. పేర్లు రెండే కాబట్టి 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి'గా నిలిచిపోయింది. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఇప్పటికీ పిల్లలు ఆ పేరుతోనే నేర్చుకుంటున్నారు.

పేరు ఏ స్థానంలో ఉంటే ఏమిటి అర్థం అన్నది శాస్త్రాన్ని బట్టి మారుతుంది. వైద్యం, జీవశాస్త్రం వైపు మొదటి పేరు బల్ల దగ్గర నిలబడి ప్రయోగాలు చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబు నడిపే గైడుది. మధ్యలో ఉన్నవాళ్ల గురించి ఎవరూ పెద్దగా అడగరు. గణితంలో అక్షరక్రమమే. హార్డీ, లిటిల్‌వుడ్ దశాబ్దాల పాటు కలిసి రాసినవాటిలో ఎవరి వంతు ఎంత అని ఆరా తీయడమే అమర్యాద. ఆర్థికశాస్త్రంలోనూ ఎక్కువగా అక్షరక్రమమే. దాని ఫలితం తమాషాగా ఉంటుంది. లిరాన్ ఐనావ్, లియాత్ యారివ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో అమెరికా అగ్రశ్రేణి విభాగాల అధ్యాపకుల జాబితాలు తిరగేశారు. ఇంటిపేరు మొదటి అక్షరం వర్ణమాలలో ముందున్నవాళ్లకు శాశ్వత ఉద్యోగం దక్కే అవకాశం ఎక్కువని తేలింది. అక్షరక్రమం పాటించని మనస్తత్వశాస్త్రంలో ఆ తేడా కనబడలేదు. తెలివితేటలకూ ఇంటిపేరుకూ సంబంధం లేదు కదా. చదివేవాళ్ల కన్ను మొదటి పేరు దగ్గర ఆగిపోతుంది, అంతే.

కణభౌతికశాస్త్రంలో ఈ వ్యవహారం ఇంకో ఎత్తుకు వెళ్లింది. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిని లెక్కకట్టి 2015లో సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి ప్రచురించిన పేపరు 33 పేజీలు. అందులో విషయం తొమ్మిది పేజీలు. తక్కిన 24 పేజీల్లో ఉన్నవి పేర్లూ, వాళ్లు పనిచేసే సంస్థలూ. మొత్తం 5,154 మంది. వాళ్లలో చాలామంది ఆ పేపరులో ఒక్క వాక్యం కూడా రాసి ఉండరు. కానీ డిటెక్టరు కట్టినవాళ్లు, దాన్ని రాత్రింబవళ్లు కాసినవాళ్లు, డేటా వడపోసే ప్రోగ్రాములు రాసినవాళ్లు లేకపోతే ఆ తొమ్మిది పేజీలు లేవు. అక్కడ రచయిత అంటే రాసినవాడు అని కాదు, ఆ యంత్రం నడవడానికి తన వంతు సేవ చేసి హక్కు సంపాదించుకున్న సభ్యుడు అని.

ఇలా ఒక్కో శాఖలో ఒక్కో అర్థమున్న పేర్లన్నిటినీ తెచ్చి ఒకే తరాజులో వేశారు. 2005లో హోర్గే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన 'హెచ్-ఇండెక్స్' ఆ తరాజుల్లో పేరున్నది. ఒకరి పేపర్లలో కనీసం ఇరవై, ఒక్కోటి కనీసం ఇరవైసార్లు ఇతరుల పేపర్లలో ప్రస్తావనకు వస్తే, ఆయన హెచ్-ఇండెక్స్ కనీసం ఇరవై. దీనికి ఒంటరిగా రాసిన పేపరూ ఒకటే, 5,154 మందితో కలిసి రాసిందీ ఒకటే. ఏడో పేరా, మొదటి పేరా అన్నదీ పట్టదు.

పట్టించుకున్న లెక్కల్లోనూ వింతలున్నాయి. మన కాలేజీ అధ్యాపకుల ప్రమోషన్లకు యూజీసీ పెట్టిన పాయింట్ల పద్ధతి 2010లో ఒకలా ఉండేది: పేపరు విలువలో 60 శాతం మొదటి రచయితకూ, పేపరు బాధ్యత చూసే కరస్పాండింగ్ ఆథర్‌కూ, 40 శాతాన్ని మిగతావాళ్లు పంచుకోవాలి. అంటే కొత్త పేరు చేరితే ఆ మిగతావాళ్ల వాటా తగ్గేది. 2018 నిబంధనల్లో అది మారింది. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం. అంతకంటే ఎక్కువమంది అయితే ముఖ్య రచయితకు 70, మిగతా ఒక్కొక్కరికీ 30. పది పాయింట్ల పేపరును ఇద్దరు రాస్తే పద్నాలుగు పాయింట్లు పుడతాయి. పదిమంది రాస్తే ముప్పై నాలుగు. పక్క గది సహోద్యోగి పేరు చేర్చినా ముఖ్య రచయితకు పోయేదేమీ లేదు, సహోద్యోగికి మూడు పాయింట్లు ఊరికే వస్తాయి. పని చేయనివాళ్ల పేర్లు పేపర్లకెక్కుతున్నాయని సెమినార్లలో బాధపడేవాళ్లు ఒక్కసారి ఈ కూడిక చేసి చూడాలి.

దీనికి ఈమధ్య వచ్చిన మందు 'క్రెడిట్' అనే పట్టిక. ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరు చేశారు, సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారు, మొదటి ప్రతి ఎవరిది, దిద్దిందెవరు, డబ్బు ఎవరు తెచ్చారు అంటూ పద్నాలుగు పనుల ఎదురుగా పేర్లు రాయాలి. 2022లో అమెరికాలో దానికి ప్రమాణం హోదా కూడా వచ్చింది. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కథ, మాటలు, పాటలు, కూర్పు అంటూ సినిమా టైటిల్స్ ఎప్పటినుంచో చేస్తున్న పని ఇదే.

అయితే టైటిల్స్‌లో పేరుండడం వేరు, కర్త కావడం వేరు. భారతీయ కాపీరైట్ చట్టం లెక్కలో సినిమాకు కర్త నిర్మాత, దర్శకుడు కాదు. పాటలో మాటలకు కవి, బాణీకి సంగీత దర్శకుడు కర్తలు. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ వస్తే అది చంద్రబోస్, కీరవాణి చేతికే వెళ్లింది. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు గానీ, ఆ స్టెప్పులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు గానీ ఆ బొమ్మ రాలేదు. ప్రపంచం ఆ పాటను గుర్తుపెట్టుకున్నది స్టెప్పులతోనే కదా అని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ అవార్డు కొలిచేది పాట పుట్టుకను, దాని ప్రదర్శనను కాదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా పేర్లు పైకి కనబడే చోట. పేరే లేనప్పుడు? అమెరికా రాజ్యాంగానికి మద్దతుగా 1787-88లో మారుపేరుతో వచ్చిన 'ఫెడరలిస్ట్' వ్యాసాలు 85. వాటిలో పన్నెండు హామిల్టన్ రాశాడా, మాడిసన్ రాశాడా అన్నది ఎంతకీ తెగలేదు. ఫ్రెడరిక్ మోస్టెలర్, డేవిడ్ వాలెస్ అనే గణాంకవేత్తలు 1964లో విషయాన్ని వదిలేసి, ఎవరూ పట్టించుకోని చిన్న మాటలను లెక్కపెట్టారు. 'అపాన్' అనే మాటను హామిల్టన్ వెయ్యి మాటలకు సుమారు మూడుసార్లు వాడతాడు, మాడిసన్ దాదాపు వాడడు. ఇలాంటి మాటలు కొన్ని కలిపి చూస్తే పన్నెండూ మాడిసన్ వైపే మొగ్గాయి. పెద్ద మాటలను రచయిత ఎంచుకుంటాడు, చిన్న మాటలు చేతి అలవాటు కొద్దీ వచ్చి పడతాయి. అందుకే దొంగ దొరుకుతాడు.

మన 'క్రీడాభిరామం' తగువుకు ఇదే ఉపాయం పనికొస్తుందా? కావ్యంలో ఉన్న పేరు వినుకొండ వల్లభరాయుడిది. కాదు, శ్రీనాథుడిదే ఆ చెయ్యి అన్నారు వేటూరి ప్రభాకరశాస్త్రి. లెక్క తేల్చడం ఇంగ్లిషులో ఉన్నంత సులువు కాదు. 'అపాన్' లాంటివి తెలుగులో విభక్తులై, ప్రత్యయాలై మాటకు అతుక్కుపోతాయి; సంధి మరికొన్నిటిని మింగేస్తుంది. ముందు వాటిని విడగొట్టాలి. పైగా పద్యంలో యతిప్రాసలే సగం మాటలను నిర్ణయిస్తాయి. మిగిలిన సగంలోనే కవి అలవాటు వెతకాలి. పూర్వుడి బాణీని కావాలని పట్టుకున్న కవి ఎదురైతే మరీ కష్టం. నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత పూరించిన ఎర్రన, నన్నయ ఫణితిలోనే నడిపి, కృతిని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు.

కొలతలకు బొత్తిగా లొంగని కర్తృత్వం తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920 ప్రాంతంలో చనిపోయారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ తర్వాత సుమారు ముప్పై ఏళ్లు బతికారు. ఒంటరిగా రాసినవాటినీ జంట పేరుతోనే వేశారు. క్రెడిట్ పట్టిక నింపితే ఆ పుస్తకాల్లో తిరుపతిశాస్త్రి వాటా పద్నాలుగు గళ్లలోనూ సున్నా. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితకు పెట్టిన నాలుగు షరతుల్లో అచ్చుకు ముందు ఆమోదం తెలపడం ఒకటి, తప్పొప్పులకు జవాబు చెప్పుకోవడం ఒకటి. చనిపోయిన మనిషి ఆ రెండూ చేయలేడు. కృత్రిమ మేధను రచయితగా ఒప్పుకోబోమని 2023లో పత్రికలు చెప్పిన కారణం కూడా ఇదే, అది జవాబు చెప్పుకోలేదని. చెళ్లపిళ్లవారు మాత్రం ఇద్దరి తరఫునా తానే జవాబు చెప్పుకున్నారు, అవధాన సభల్లోనూ, పత్రికల వివాదాల్లోనూ, 1950 దాకా.