తెలుగు స్వరలిపి: సీసపు అచ్చు నుంచి వెబ్ పేజీకి

కర్ణాటక సంగీతాన్ని కాగితం మీద పెట్టడానికి స, రి, గ, మ, ప, ద, ని అనే ఏడక్షరాలు వాడతారు. అక్షరంపై చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి. హ్రస్వానికి ఒక అక్షరకాలం, దీర్ఘానికి రెండు. ఇంకా సాగదీయాలంటే కామాకు ఒకటి, సెమికోలన్‌కు రెండు అక్షరకాలాలు కలుస్తాయి. నెత్తిన ఒక అడ్డగీత రెండో కాలానికి, రెండు గీతలు మూడో కాలానికి గుర్తు. నిలువుగీతతో తాళాంగం, జంటగీతతో ఆవర్తం ముగుస్తాయి.

ఈ లిపి చరిత్రలో పెద్ద మలుపు 1904లో ఎట్టయపురంలో, విద్యావిలాసినీ ముద్రణాలయం నుంచి తెలుగు లిపిలో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు (1839–1906) ఆ సంస్థాన విద్వాంసుడు. అంతకుముందే, 1890లలో, మద్రాసుకు చెందిన ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ మన కీర్తనలను పాశ్చాత్యుల ఐదుగీతల స్టాఫ్ మీదకు ఎక్కించి అచ్చువేశాడు. స్టాఫ్ మీద స్థాయి, కాలం చక్కగా కుదిరాయి కానీ స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే గమకం కుదరలేదు. దీక్షితులు తెలుగు అక్షరాలనే ఉంచి కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి వాటికి వేర్వేరు గుర్తులు చేర్చాడు. ఇన్ని గుర్తులను సీసపు అచ్చులో అక్షరాల మీద కూర్చడం ఎంత ఓపిక పనో ఆ పుటలు చూస్తే తెలుస్తుంది.

వెబ్ వచ్చాక అదే పని మళ్లీ మొదటికొచ్చింది. పుస్తకం పేజీని ఫొటో తీసి పెట్టేయడం అందరికీ తోచే తేలిక దారి. చదువుకోవడానికి అది చాలు, అభ్యాసానికి పనికిరాదు. విద్యార్థి రాసిన జవాబు ఒప్పో తప్పో బొమ్మను చూసి కంప్యూటర్ తేలిగ్గా చెప్పలేదు.

అక్షరాలుగానే రాద్దామంటే చుక్క దగ్గర చిక్కొస్తుంది. తెలుగు అక్షరాలు 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే ఉన్నాయి. పైచుక్క, కిందచుక్క కూడా ఇతర భాషల కోసం విడిగా ఉన్నాయి. అయితే మాటలు రాయడానికి చేసిన తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఆ చుక్క ఎక్కడ కూర్చోవాలో తెలియదు. రి, ని నెత్తిన గుడి ముందే చోటు పట్టేసి ఉంటుంది. ధైవతాన్ని ‘ధ’గా రాస్తే కింద గీత అడ్డు. ఒక్కోసారి అక్షరం పక్కన చుక్కల సున్నా ప్రత్యక్షమవుతుంది. అందుకని ప్రతి స్వరాన్నీ ఒక పెట్టెలో ఉంచి, చుక్కనూ అడ్డగీతనూ సీఎస్‌ఎస్‌తో విడిగా గీయడమే నమ్మకమైన పద్ధతి. స్వరం కింద సాహిత్యం సరిగ్గా నిలవాలన్నా పెట్టెలే శరణ్యం. ఖాళీలతో సర్దిన వరుస ఫాంటు మారగానే చెదురుతుంది, ఎందుకంటే తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోదానికి ఒక్కో తీరు.

స్టాఫ్ లిపి ఈ దారిలో ముందే నడిచింది. సంగీతాన్ని సమాచారంగా దాచే మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ తొలి రూపం 2004లో వచ్చింది. బ్రౌజర్‌లోనే గీతలు గీసే వెక్స్‌ఫ్లో 2010లో, సంగీత చిహ్నాల ఫాంట్లకు ఒక ప్రమాణమైన స్మఫుల్ 2013లో వచ్చాయి. వీటిలో మనకు పనికొచ్చేది స్టాఫ్ కాదు, ‘ఏమిటి’ అన్నదాన్ని ‘ఎలా కనిపిస్తుంది’ అన్నదానితో కలపకపోవడం.

సంగీతంలో తొలి పాఠమైన సరళి వరుసే తీసుకుంటే, స్వరం, స్థాయి, నిడివి అనే మూడు వివరాలు ఒకసారి రాసి ఉంచితే చాలు. ఆదితాళంలో అక్షరానికి ఒకటి చొప్పున ఎనిమిది స్వరాలు వేసిన పేజీ, రెండో కాలానికి పదహారు, మూడో కాలానికి ముప్పైరెండు స్వరాలను తానే లెక్కగట్టి గీతలతో సహా చూపగలదు. జవాబు దిద్దేది కూడా ఆ వివరాలతోనే.

రాగం పేరు మాత్రం తప్పనిసరిగా జతచేయాలి. మాయామాళవగౌళలో ‘గ’ అంతర గాంధారం, తోడిలో సాధారణ గాంధారం, కానీ రాతలో రెండూ ఒకటే. స్వరస్థానాలు పన్నెండు, పేర్లు పదహారు, అక్షరాలు ఏడే. పాటగాడు రాగం తెలుసుకుని చదువుతాడు, యంత్రానికి అది చెప్పాలి. షడ్జమం ఏ శ్రుతిలో ఉందో కూడా చెబితేనే అది స్వరాన్ని వినిపించగలదు.

దీక్షితుల గమక చిహ్నాలు మామూలు తెలుగు ఫాంట్లలో లేవు. ప్రత్యేక ఫాంటు చేయాలి, లేదా ఎస్‌వీజీ బొమ్మలుగా గీసి పెట్టెలో స్వరం పైన ఉంచాలి. గుర్తు చూపడం వరకు అది సరిపోతుంది. నొక్కునూ జారునూ వినిపించాలంటే స్వరానికీ స్వరానికీ మధ్య ధ్వని ఎలా కదులుతుందో కూడా సమాచారంలో చేర్చాలి.