రబ్బరు పట్టీ, లగేజీ తూకం

విదేశాల్లో కాపురముంటున్న తెలుగువాళ్ళ ఇంట్లో రోలు ఉన్నా లేకపోయినా, పెట్టెల బరువు తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం మాత్రం తప్పకుండా ఉంటుంది. కొక్కెం తగిలించి పైకి ఎత్తితే అంకెలు చూపిస్తుందే, అది. ఇండియా ప్రయాణానికి ముందురోజు రాత్రి చాక్లెట్లు ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మార్చేటప్పుడు దానికి క్షణం తీరిక ఉండదు. మిగతా ఏడాదంతా సొరుగులో నిద్రపోతుంది. ఈసారి మన శీర్షికలో ఆ తూకానికి ఇంకో ఉద్యోగం చూపిద్దామనుకుంటున్నాను. దానితోపాటు ఒక రబ్బరు బ్యాండు, ఒక టేపు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ఇంట్లో వ్యాయామం చెయ్యడానికి కావలసిన సామగ్రి దాదాపు ఇంతే.

ఇంట్లోనే ఎందుకు అని అడగవచ్చు. నేనుండే క్లాంగ్ సంగతే చెప్తాను. కౌలాలంపూర్‌కి పడమరగా, రేవుకి దగ్గరగా ఉన్న ఊరు ఇది. ఇక్కడ పొద్దున్న ఏడు దాటితే గానీ తెల్లవారదు. తొమ్మిదయ్యేసరికి ఎండ, ఉక్క. సాయంత్రం బయల్దేరదామంటే ఉరుములూ వానా. రోజూ కమ్యూటర్ రైల్లోనో ఫెడరల్ హైవే మీదో రాజధానికి వెళ్ళి వచ్చేవాళ్ళకి జిమ్ముకి వెళ్ళే ఓపిక మిగలదు. ఇవి కాక జెరెబు ఒకటి. సుమత్రాలో అడవులూ పీట్ నేలలూ తగలబడినప్పుడు గాలివాటున వచ్చి కమ్ముకునే పొగని మలయ్‌లో అలా అంటారు. 2005 ఆగస్టులో గాలి కాలుష్య సూచిక 500 దాటడంతో పోర్ట్ క్లాంగ్‌లోనూ కువాలా సెలంగోర్‌లోనూ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 2013లో, 2015లో, 2019లో మళ్ళీ వచ్చింది. ఆ రోజుల్లో బయట పరుగెత్తడం ఆరోగ్యానికి మంచిదని ఏ డాక్టరూ చెప్పడు. ఇక 2020 మార్చి 18న మొదలైన కదలికల నియంత్రణ ఉత్తర్వు సంగతి తెలిసిందే. జిమ్ములు మూతపడ్డాయి, మొదటి విడతలో వీధిలో జాగింగు కూడా నిషేధమే.

వ్యాయామం మానేస్తే ఏమవుతుంది? మలేషియా జాతీయ ఆరోగ్య సర్వే 2023 ప్రకారం ఇక్కడి పెద్దవాళ్ళలో 15.6 శాతం మందికి మధుమేహం ఉంది. సగానికి పైగా అధిక బరువు ఉన్నవాళ్ళే. జాతుల వారీగా చూస్తే మధుమేహం భారతీయ సంతతివాళ్ళలోనే ఎక్కువ. మన ఒళ్ళు చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే ఆసియావాళ్ళకి బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్తపడాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం సూచించింది. తిన్న చక్కెర దాచుకోవడానికి ఒంట్లో ఉన్న పెద్ద గోదాము కండరమే. పైగా కండరం కష్టపడుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి చక్కెరని లాక్కుంటుంది. నడకతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమని 2020లో ఆ సంస్థే తన మార్గదర్శకాల్లో రాసింది. మనలో చాలామంది నడక దగ్గరే ఆగిపోతారు. రెండోది చెయ్యాలంటే పెద్దపెద్ద యంత్రాలు కావాలన్న అపోహ ఒక కారణం.

అసలు పరికరం ఏమీ లేకుండా ఎంతవరకు వెళ్ళచ్చో చూద్దాం. దండీలు తీస్తున్నారనుకోండి, చేతులమీద పడే బరువు ఎంత? 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో ఫోర్సు ప్లేటుమీద కొలిచి చూశారు. మామూలు దండీలో శరీర బరువులో 64 శాతం చేతులమీద పడుతుంది. మోకాళ్ళు ఆనించి తీస్తే 49 శాతం. చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే సోఫా చేతిమీదో బల్లమీదో పెట్టి తీస్తే 41 శాతం. కాళ్ళే 60 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే 74 శాతం. 70 కిలోల మనిషికి లెక్క కడితే 29 కిలోల నుంచి 52 కిలోల దాకా బరువు మార్చుకోగల యంత్రం ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా ఉన్నట్టే కదా! కాళ్ళకి బస్కీలు ఉన్నాయి. అవి తేలికైపోతే లాపుటాపు సంచిలో పది కిలోల బియ్యం మూట పెట్టి వీపుకి తగిలించుకోవచ్చు.

చిక్కంతా లాగుడు దగ్గరే. నెట్టే వ్యాయామానికి నేల ఉంది, గోడ ఉంది. లాగే వ్యాయామానికి ఎదురుగా ఏదో ఒకటి మనని వెనక్కి లాగాలి. రోజుకి పది గంటలు కీబోర్డు ముందుకి వంగి కూర్చునే మనకి భుజాల వెనక, వీపు పైభాగంలో ఉన్న కండరాలకే పని తక్కువ. డంబెల్ పట్టుకుంటే దాని బరువు ఎప్పుడూ కిందికే లాగుతుంది. ముందుకి లాగమంటే లాగదు. బ్యాండు అలా కాదు, ఎటు కడితే అటు లాగుతుంది. ఛాతీ ఎత్తులో తలుపుకి కట్టి కుర్చీలో కూర్చునే మోచేతులు వెనక్కి లాగచ్చు. తలుపు పైఅంచుకి కట్టి కిందికి లాగచ్చు. పాదం కింద తొక్కి పైకి లాగచ్చు. యూనిక్సులో చిన్న ఆదేశాలని పైపుతో కలిపి రకరకాల పనులు చేయించుకున్నట్టే అనుకోండి.

క్లాంగ్‌లో ఉంటూ రబ్బరు గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1876లో బ్రెజిల్ నుంచి హెన్రీ విఖమ్ లండన్ క్యూ తోటకి తెచ్చిన గింజల సంతానమే మలయా రబ్బరు చెట్లు. ఆ తోటల్లో పనికి తెలుగువాళ్ళు కూడా ఓడలెక్కి వచ్చారు. చల్లటి వేళలో పాలు బాగా కారుతాయని తెల్లవారకముందే చెట్లకి గాటు పెట్టేవారు. ఇప్పుడు క్లాంగ్ చుట్టుపక్కల చాలా తోటలు ఇళ్ళ స్థలాలూ ఆయిల్ పామ్ తోటలూ అయిపోయాయి గానీ, మేరు వైపు వెళ్తే రబ్బరు తొడుగుల ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. మన చేతిలో ఉన్న బ్యాండు కూడా ఆ చెట్టుపాలతో చేసిందే, కృత్రిమ రబ్బరుది కాకపోతే.

ఈ రబ్బరు ఎందుకు వెనక్కి లాగుతుందన్నది భౌతికశాస్త్రంలో చక్కటి కథ. ఇనుప స్ప్రింగుని సాగదీస్తే అణువుల మధ్య దూరం పెరుగుతుంది, ఆ బంధాలే వెనక్కి లాగుతాయి. రబ్బరులో జరిగేది వేరు. చిందరవందరగా చుట్టుకుపోయి ఉన్న పొడుగాటి అణువుల గొలుసులు సాగదీసినప్పుడు వరసలో నిలబడతాయి. వదిలితే మళ్ళీ చిందరవందర కావాలని చూస్తాయి. అంటే మనం పోరాడుతున్నది ముఖ్యంగా ఎంట్రోపీతో! నమ్మకం లేకపోతే ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండుని గభాలున సాగదీసి వెంటనే పెదవికి తాకించండి, వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని, వదులు చేసి మళ్ళీ తాకించండి, చల్లగా ఉంటుంది. 1805లో జాన్ గాఫ్ అనే ఆయన గమనించిన విషయమిది. ఆయనకి చిన్నప్పుడే చూపు పోయింది. బహుశా అందుకే పెదవితో చూశాడు.

ఇందులో మన వ్యాయామానికి సంబంధించిన సంగతి ఒకటుంది. హైస్కూల్లో చదివిన హుక్ సూత్రం రబ్బరుకి సరిగ్గా పనిచెయ్యదు. ఫిజియోథెరపీలో వాడే థెరాబ్యాండు పట్టీలకి రంగులవారీగా కొలతలు ప్రకటించి ఉన్నాయి. రెట్టింపు పొడుగుకి, అంటే 100 శాతం సాగదీస్తే పసుపుది 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3, వెండిరంగు 4.6, బంగారురంగు 6.5. ఆకుపచ్చదాన్నే 200 శాతం సాగదీస్తే 4.2 రావాలి కదా? రాదు, దాదాపు 3 కిలోలే. మొదట్లో గట్టిగా లాగి, మధ్యలో మెత్తబడి, చివర్లో గొలుసులన్నీ బిగుసుకున్నాక మళ్ళీ గట్టిపడటం రబ్బరు స్వభావం. పైగా ఈ రంగులు ఆ కంపెనీవి. వేరే కంపెనీ ఎరుపు ఇంకోలా ఉంటుంది. ఇక పెద్ద వలయాల బ్యాండుల మీద '15 నుంచి 35 కిలోలు' అని అచ్చువేసి అమ్ముతారు. ఎంత సాగదీస్తే 15, ఎంతకి 35 అన్న సంగతి అట్టపెట్టె మీద ఎక్కడా ఉండదు. యూనిట్లు లేని డాక్యుమెంటేషను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకే లగేజీ తూకం. బ్యాండు ఒక చివర గట్టిగా కట్టి, వదులుగా ఉన్నప్పటి పొడుగు టేపుతో కొలవండి. రెండో చివర తూకం కొక్కేనికి తగిలించండి. నేలమీద టేపు పరిచి, వదులు పొడుగుకి 25, 50, 100, 150 శాతం ఎక్కువ సాగినప్పుడు తూకం ఎంత చూపిస్తోందో రాసుకోండి. బ్యాండు లాగే దారిలో మొహం పెట్టకుండా పక్కన నిలబడాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, తూకం పరిమితి దాటకూడదు. సాధారణంగా అది 50 కిలోలు ఉంటుంది. ఎక్సెల్లో గీత గీస్తే మీ బ్యాండు జాతకం మీ చేతిలో ఉంటుంది. నా బ్యాండు గీత కూడా మొదట్లో నిటారుగా లేచి తరవాత వాలింది.

ఈ జాతకం ఎందుకంటే, కండరం పెరగాలన్నా బలపడాలన్నా దానిమీద భారం మెల్లమెల్లగా పెరగాలి. ఎంత పడుతోందో తెలియనిది ఎలా పెంచుతాం? బరువు తక్కువైతే ఫలితం ఉండదేమోనన్న బెంగ అక్కర్లేదు. ఒకసారికి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 30 శాతమైనా సరే, ఇంక చెయ్యలేం అన్నంతవరకు చేస్తే కండ పెద్ద బరువులతో సమానంగానే పెరుగుతుందని 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. గరిష్ఠ బలం మాత్రం పెద్ద బరువులతోనే ఎక్కువ వస్తుంది. బ్యాండులనీ జిమ్ము యంత్రాలనీ పోల్చిన 2019 విశ్లేషణలో బలం దాదాపు సమానంగానే పెరిగింది.

భారం పెంచడానికి కొత్త బ్యాండు కొనాల్సిన పని కూడా లేదు. మీటరు పొడుగు బ్యాండు తలుపుకి కట్టి, చివరికి చెయ్యి తలుపునుంచి 1.8 మీటర్ల దూరం వచ్చేలా లాగుతున్నారనుకోండి, సాగుడు 80 శాతం. పట్టు 20 సెంటీమీటర్లు లోపలికి జరిపి పట్టుకుంటే మిగిలిన బ్యాండు 80 సెంటీమీటర్లే. అదే దూరానికి సాగుడు 125 శాతం అవుతుంది. బ్యాండుమీద మార్కరుతో గీతలు పెట్టుకుంటే 'నిన్న మూడో గీత, ఇవాళ నాలుగో గీత' అని లాగ్‌లో రాసుకోవచ్చు. పొడుగువాళ్ళకి, పొట్టివాళ్ళకి ఒకే బ్యాండు ఒకే బరువు ఇవ్వదని కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. భార్యాభర్తలు ఒకే బ్యాండు వాడితే గీతలు వేరువేరుగా పెట్టుకోవాలి.

ఇదంతా చదివి, స్క్రీను ఉన్న స్మార్టు యంత్రం కొంటే లెక్కలన్నీ అదే చూసుకుంటుంది కదా అనే మిత్రులున్నారు. మిర్రర్ అనే అద్దం యంత్రం కంపెనీని లులులెమన్ 2020లో 50 కోట్ల డాలర్లకి కొంది. 2023కల్లా ఆ అద్దాల అమ్మకం ఆపేసింది. సర్వరుమీద ఆధారపడే వ్యాయామం మీద సాఫ్టువేరువాళ్ళకైనా కాస్త అనుమానం ఉండాలి. గుండెలమీద ఏనుగుని ఎక్కించుకున్న మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు (1882-1942) కాలంలో దండీలు, బస్కీలకి చందా కట్టాల్సిన పని లేదు.

ఇక జాగ్రత్తలు. ఇక్కడి ఇళ్ళకి వాకిట్లో ఇనుప గ్రిల్లు ఉంటుంది. బ్యాండు కట్టడానికి అది వాటంగా కనిపిస్తుంది గానీ, వెల్డింగు దగ్గర తుప్పు ఉందేమో చూడాలి. ఊచ అంచు రబ్బరుని కోస్తుంది కాబట్టి మధ్యలో మందపాటి గుడ్డ చుట్టాలి. తలుపుకి కట్టేటట్టయితే తలుపు మీవైపుకి తెరుచుకోకూడదు, అవతలివైపుకి తెరుచుకోవాలి. అప్పుడు మీరు లాగేకొద్దీ తలుపు చట్రానికే బిగుస్తుంది. లోపల గడియ కూడా వేసుకోండి, లేకపోతే పిల్లలు తలుపు తెరుచుకుని వచ్చేస్తారు. చేతులకి దద్దుర్లు వస్తే రబ్బరుపాల అలర్జీ కావచ్చు, కృత్రిమ రబ్బరుకి మారండి. రక్తపోటు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి, లాగేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

రబ్బరుకి ఎండ, ఓజోను పడవు. ఈ వాతావరణంలో బాల్కనీలో వేలాడదీసిన బ్యాండు త్వరగా పాడవుతుంది. చెమట తుడిచి, బాగా ఆరాక కాస్త టాల్కం పౌడరు చల్లి అల్మారాలో చీకట్లో పెట్టండి. నెలకోసారి కొద్దిగా సాగదీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూస్తే, సాగే దిశకి అడ్డంగా సన్నటి పగుళ్ళు ఉంటే కనిపిస్తాయి. అంచు దగ్గర చిన్న గాటు ఉన్నా సరే దాని పని అయిపోయినట్టే. తెగిన బ్యాండు నేరుగా కంటికే వచ్చి తగులుతుంది. అలాంటిదాన్ని కత్తెరతో ముక్కలు చేసి మరీ పారెయ్యండి. పొడుగ్గా వదిలేస్తే మర్నాటికల్లా పిల్లలు ఉండేలు తయారుచేస్తారు.