టైరులో గాలి, డ్యాష్‌బోర్డుపై దీపం

రాబర్ట్ థామ్సన్ 1845లో గాలి టైరుకు పేటెంటు పొందినా, జాన్ డన్‌లప్ 1888లో దానిని మళ్లీ కనిపెట్టి వాడుకలోకి తెచ్చినా, లోపల గాలి ఎంత మిగిలిందో బండి దిగకుండా తెలుసుకునే వీలు చాలాకాలం కలగలేదు. 1986 నాటి పోర్షే 959 కారులో అమర్చిన పీడన పర్యవేక్షక వ్యవస్థ ఆ లోటు తీర్చింది. అది సంపన్నుల ముచ్చటగానే మిగిలిపోయేదేమో గాని, ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలు బోల్తాపడి రెండు వందల మందికి పైగా మరణించిన వ్యవహారం 2000లో అమెరికాను కుదిపివేయడంతో, ఆ ఏడాదే వచ్చిన చట్టాన్ని అనుసరించి 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటికీ ఈ వ్యవస్థ, డ్యాష్‌బోర్డుపై దాని హెచ్చరిక దీపం తప్పనిసరి అయ్యాయి.

ఈ వ్యవస్థ రెండు రకాలు. ప్రత్యక్ష పద్ధతిలో ప్రతి చక్రం లోపలా బ్యాటరీతో పనిచేసే సెన్సర్ పీడనాన్ని కొలిచి రేడియో సంకేతంగా పంపుతుంది. పరోక్ష పద్ధతి గాలిని కొలవనే కొలవదు. గాలి తగ్గిన చక్రం వ్యాసార్ధం కుంచించుకుపోయి మిగిలిన వాటికన్నా వేగంగా తిరుగుతుంది కనుక, బ్రేకుల కోసం ఉన్న సెన్సర్లతోనే ఆ తేడాను పసిగడుతుంది. నాలుగు టైర్లలోనూ ఒకే తీరున గాలి తగ్గితే ఇది మోసపోవచ్చు.

అమెరికా నియమం ప్రకారం, నిర్దేశిత పీడనం కన్నా నాలుగో వంతు తగ్గినప్పుడు దీపం వెలగాలి. అంటే 32 పీఎస్‌ఐ ఉండవలసిన టైరు 24కు దిగేదాకా అది మౌనంగా ఉండవచ్చు. పీఎస్‌ఐ అంటే చదరపు అంగుళంపై పడే పౌండ్ల ఒత్తిడి. కనుక ఈ దీపం ఇచ్చేది ఆలస్యపు హెచ్చరికే. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల మీదుగా కోదాడకు సాగే దారిలో ఎండ ఈ లెక్కను మరింత తికమక చేస్తుంది. వేడికి గాలి పీడనం పెరుగుతుంది. ఇంచుమించు ఐదారు డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ. అందువల్ల చలికాలపు తెల్లవారుజామున వెలిగిన దీపం, టైరు వేడెక్కాక కొన్ని కార్లలో దానంతటదే ఆరిపోతుంది. గాలి మాత్రం రవ్వంతైనా పెరిగి ఉండదు, పంక్చర్ ఉంటే అదీ అలాగే ఉంటుంది.

దీపం వెలిగినప్పుడు గట్టిగా బ్రేకు వేయక, వేగం తగ్గించి, రోడ్డు పక్కన భద్రమైన చోట ఆపి టైర్లు చూడాలి. టైరు పూర్తిగా అణిగి ఉంటే బండి కదపరాదు, లేకుంటే దగ్గరి పెట్రోలు బంకు దాకా నిదానంగా వెళ్లవచ్చు. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు చట్రంపై ఉన్న పట్టిక చెబుతుంది. టైరు అంచున ముద్రించిన అంకె దాని గరిష్ఠ పరిమితి మాత్రమే. ఆ పట్టిక చల్లటి టైరుకు వర్తిస్తుంది కనుక, కనీసం మూడు గంటలు ఆగి ఉన్న బండిలోనే కొలత నమ్మదగినది. వేడి టైరులో పీడనం ఎక్కువ కనిపించిందని గాలి వదలడం పొరపాటు. దీపం నిమిషం పాటు మినుకుమినుకుమని ఆపై నిలకడగా వెలిగితే లోపం వ్యవస్థదే.

2020లో భారత ప్రభుత్వం, ఈ పరికరంతో పాటు టైరు మరమ్మతు సామగ్రి ఉన్న మూడున్నర టన్నుల లోపు ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ నిబంధనను సడలించింది. కాబట్టి రాత్రివేళ పంక్చర్ షాపులు మూసి ఉండే దారుల్లో తిరిగేవారు, కారు కొనేముందే డిక్కీ తెరిపించి స్టెప్నీ ఉన్నదో లేదో చూసుకోవాలి.