పంచాంగములోని గ్రహము – పెరటిలోని దూరదర్శిని

శివాలయములలో ఈశాన్యభాగమున నవగ్రహ మండపము ఉండుట మనకందరకు తెలిసినదే. శనివారము తైలాభిషేకము చేయించువారు, గురువారము శనగలు సమర్పించువారు, కుజదోష నివృత్తికై కందులు దానమిచ్చువారు ఎందరో ఉన్నారు. అయితే ప్రదక్షిణము ముగించి బయటకు వచ్చిన పిమ్మట, తల పైకెత్తి “అదిగో గురుడు, ఇదిగో శని” అని చూపగలవారు మాత్రము మిక్కిలి అరుదు. పంచాంగములో గ్రహమును చదువుచున్నాము, మండపములో పూజించుచున్నాము. ఆకాశములో మాత్రము మరచితిమి.

ఈ మధ్య కొందరు యువకులు ఇంటి పెరటిలోనో, డాబామీదనో చిన్న దూరదర్శినిని, అనగా టెలిస్కోపును, నిలిపి గ్రహముల ఛాయాచిత్రములు తీయుచున్నారు. ఇది అపచారము కాదా యని కొందరు పెద్దలు సందేహించుచున్నారు. సందేహమునకు తావు లేదు. మనము పూజించునది గ్రహమునకు అధిష్ఠానమైన దేవతను; కంటికి కనబడునది బింబము. ప్రతిదినము సూర్యబింబమును చూచియే అర్ఘ్యమిచ్చుచున్నాము గదా! గ్రహమును నళకయంత్రమను గొట్టముగుండ గురిచూచి ఇతరులకు చూపు విధానము మన జ్యోతిష సిద్ధాంతగ్రంథములలోనే కలదు. ఆ గొట్టమునకు కటకములు లేవు, అంతియే భేదము. ఒక్కమాట చెప్పవలెను: మండపములో సూర్యుడు నడుమ, గురుడు ఉత్తరమున, శని పశ్చిమమున ఉండుట పూజావిధికి చెందిన అమరిక. దానిని పట్టుకొని ఆకాశమున ఉత్తరదిక్కున గురుని వెదకరాదు. సూర్యచంద్రులు నడచు బాటను అనుసరించియే గ్రహములన్నియు నడచును.

పంచాంగమున మనము నిత్యము వినుచుండు కొన్ని మాటలు చూపునుండి పుట్టినవే. “గురుమూఢము వచ్చినది, ముహూర్తములు లేవు” అందురు. మూఢము, అనగా మౌఢ్యము: గ్రహము సూర్యునకు దగ్గరయై ఆ కాంతిలో కనబడకుండుట. సూర్యసిద్ధాంతము దీనికి గురునకు 11, శనికి 15, కుజునకు 17 కాలాంశలు చెప్పినది. రమారమి పదమూడు నెలలకొకసారి గురుడు ఇట్లు మరుగుపడును. అస్తమించుటకు ముందు కొన్ని సాయంకాలములు పడమటి దిక్కున గురుని సెల్‌ఫోనుతోనే చిత్రించి, మరల తూర్పున తెల్లవారుజామున తొలిసారి కనబడిన దినమున మరొకటి తీసినయెడల, మూఢమనగా ఏమో ఇంటిల్లిపాదికి తెలియును. దీనికి దూరదర్శిని అక్కరలేదు. ఆ దినములలో అది పనికిరాదు కూడ. సూర్యునకు సమీపముగా గురిపెట్టుట ప్రమాదము.

వక్రము మరియొకటి. వక్రగ్రహమునకు చేష్టాబలము అధికమని హోరాశాస్త్రము. దూరదర్శినిలో చూచువానికి ఈ మాట వేరొక విధముగా ప్రత్యక్షమగును. కుజ, గురు, శనులు వక్రించునది సూర్యునకు ఎదుటి దిక్కున ఉన్నపుడు. అప్పుడే అవి భూమికి మిక్కిలి చేరువగా ఉండును, బింబము పెద్దది, కాంతి అధికము. కావున చిత్రము తీయగోరువాడు వక్రకాలమును పంచాంగములో చూచుకొని సిద్ధపడవలెను. 2027 ఫిబ్రవరిలో గురుడు, కుజుడు ఇద్దరును ఇట్లు సూర్యునకు ఎదురగుదురు. కుజబింబము అప్పటికిని చిన్నదే. క్రొత్తవాడు గురునితో ఆరంభించుట మేలు.

గురుడు కనబడు పరిమాణమెంత? మిక్కిలి పెద్దదిగా ఉన్నపుడును చంద్రబింబపు అడ్డుకొలతలో ఇంచుమించు నలుబదవ వంతు. అందుచేతనే తొలిరాత్రి తీసిన చిత్రములో తెల్లని చుక్క తప్ప వేరేమియు కనబడక క్రొత్తవాడు నిరుత్సాహపడును. తప్పు దూరదర్శినిది కాదు. చుట్టును చీకటి ఉండుటచే ఫోను తనంతట తాను వెలుతురు పెంచును. బింబము కాంతిలో మునిగి తెల్లబడును. తెరమీద గ్రహమును వ్రేలితో తాకి, వెలుతురును బాగుగా తగ్గించినచో, గురునిమీద అడ్డముగా సాగిన రెండు గోధుమవన్నె పట్టీలు బయటపడును. వెలుతురు పెంచినపుడు పట్టీలు పోయి ప్రక్కన నాలుగు చిన్న చుక్కలు వరుసగా కనబడును. అవి 1610 జనవరిలో గెలీలియో చూచిన గురుని ఉపగ్రహములు. రెండును ఒకే చిత్రములో రావలెనని పట్టుపట్టరాదు, రెండు తీసికొనవలెను. మరునాడు చూడగా చుక్కల వరుస మారియుండును.

ఐదారు అంగుళముల అద్దముగల సామాన్యమైన దూరదర్శిని, కన్ను ఆనించు చోట ఫోనును కదలకుండ పట్టు బిగింపు, ఇవి చాలును. ఎక్కువ పెద్దదిగా చూపునని పెట్టెమీద వ్రాసిన అంకెలను నమ్మి కొనరాదు. అద్దపు వెడల్పు, కాళ్ల గట్టితనము చూడవలెను. వణకు కాళ్లమీద మంచి అద్దమున్నను వ్యర్థము.

అన్నింటికంటె పెద్ద అడ్డంకి గాలి. పారు నీటి అడుగున పడిన నాణెము ఎట్లు కదలుచు కనబడునో, మనపైనున్న వాయువుగుండ గ్రహబింబమును అట్లే కదలును. పగలంతయు ఎండకు కాగిన డాబా రాత్రి చాలసేపు వేడిని వదలుచుండును; దానికంటె గడ్డి మొలచిన పెరడు మేలు. దూరదర్శినిని అరగంట ముందుగా బయట పెట్టి చల్లబడనీయవలెను. గ్రహము చెట్లపైన అప్పుడే లేచుచున్నపుడు తొందరపడక, నడినెత్తికి దగ్గరయగువరకు ఆగవలెను. నక్షత్రములు మిణుకుమిణుకుమని విపరీతముగా ఆడుచున్న రాత్రి ఆకాశము ఎంత నిర్మలమైనను చిత్రము బాగుండదు. కొంచెము పొగమంచు కమ్మినను చుక్కలు నిలకడగా ఉన్న రాత్రి బాగుండును.

ఆ గాలి కదలికను జయించుటకు ఇప్పటివారు అనుసరించు ఉపాయము పండితులకు క్రొత్తది కాదు. ఒక ఫొటో తీయరు. రెండుమూడు నిమిషముల వీడియో తీయుదురు. అందు వేలకొలది చిత్రములు ఉండును. గాలి ఒక్క క్షణము నిలిచినపుడు పడిన మంచి చిత్రములను ఏరి, మిగిలినవి త్రోసివేసి, ఏరినవానిని ఒకదానిపై ఒకటి సరిగా పొదిగి ఒకటిగా చేయుదురు. ఇందుకు ఆటోస్టాకర్ట్ మొదలగు కంప్యూటరు సాధనములు ఉచితముగానే లభించుచున్నవి. తాళపత్ర గ్రంథమును పరిష్కరించుటయు ఇట్టిదే కదా! ఒక్కొక్క వ్రాతప్రతిలో ఒక్కొక్క చోట తప్పు. అన్నింటిని దగ్గర పెట్టుకొని చూడగా తప్పులు చెదరిపోయి మూలపాఠము తేలును. పరిష్కర్త అత్యుత్సాహము చూపి లేని పాఠమును కల్పించుట ఎట్టి దోషమో, చిత్రమునకు అధికముగా పదును పెట్టి గురునిమీద లేని గీతలు పుట్టించుటయు అట్టి దోషమే. మరొక నియమము: గురుడు తన చుట్టు తాను 9 గంటల 55 నిమిషములలో తిరుగును. వీడియో మూడు నిమిషములకు మించి సాగినచో బింబముమీది గుర్తులు జరిగి అలుకుకొనిపోవును. చేతితో త్రిప్పు దూరదర్శిని ఉన్నవారు గ్రహమును ఒక అంచున నిలిపి, అది తనంతట తాను రెండవ అంచువరకు సాగుచుండగా తీసి, మరల మొదలుపెట్టవలెను.

ఇట్లు తీసిన చిత్రము వేడుకకు మాత్రమే కాదు. శార్వరి నామ సంవత్సర మార్గశిర మాసమున, అనగా 2020 డిసెంబరు 21 సాయంకాలము, మకరరాశిలో గురుశనులు ఒక అంశలో పదియవ వంతు దూరమునకు వచ్చిరి. వారిద్దరును అంత చేరువగుట 1623 తరువాత అదియే. శని వలయములు, గురుని ఉపగ్రహములు ఒకే చూపులో చిన్న దూరదర్శినికి దొరకినవి. ఆ వారము దినములు రోజుకొక చిత్రము తీసినవారికి, ఇద్దరును ఏ దినమున మిక్కిలి దగ్గరయైరో ఎవరిని అడుగకయే తెలిసినది. తమ ఇంటి పంచాంగములోని గ్రహస్ఫుటములను దానితో పోల్చి చూచుటకు ఏ శాస్త్రపరిచయమును అక్కరలేదు.

ఈ పోలిక చిన్న విషయము కాదు. ఒకే వీధిలో ఒకరింట నేడు పండుగ, ఒకరింట రేపు. దీనికి గల కారణములలో ఒకటి గణితభేదము. సూర్యసిద్ధాంతపు సంవత్సరము 365.258756 దినములు, నేటి కొలతలచే నక్షత్రసంవత్సరము 365.256363 దినములు. భేదము ఏడాదికి మూడున్నర నిమిషములే యైనను, వేయి సంవత్సరములకు రెండు దినములు దాటును. ప్రాచీన రీతి తిథికిని, దృగ్గణిత తిథికిని ఒక్కొక్కప్పుడు ఆరు గంటలవరకు తేడా వచ్చును. సంస్కారము చేయుట సంప్రదాయవిరుద్ధమని వాదించువారు సూర్యసిద్ధాంతపు స్పష్టాధికారమును మరల చూడవలెను. గ్రహములు కంటికి కనబడు స్థానముతో సరిపోవునట్లు, అనగా దృక్తుల్యత కలుగునట్లు, గణితము చెప్పుదునని అచ్చట ప్రతిజ్ఞ కలదు. కేరళ దేశీయుడైన పరమేశ్వరుడు చాలకాలము గ్రహణములను పరిశీలించి 1431లో దృగ్గణితమును రచించెను. ఉత్కళమున సామంత చంద్రశేఖరుడు వెదురుకర్రలతో యంత్రములు చేసికొని గ్రహవేధ జరిపెను. 1899లో అచ్చయిన ఆయన సిద్ధాంతదర్పణము పూరీ జగన్నాథాలయమున ప్రమాణముగా గైకొనబడినది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో ఒక వికారి నక్షత్రమును కనుగొనినవారు, దృగ్గణిత పంచాంగమును వెలువరించినవారు. వీరెవరును నాస్తికులు కారు.

తెలుగువారికి ఇంకను దగ్గరి దృష్టాంతము విశాఖపట్టణమున కలదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ స్వగృహమునందే వేధశాలను నెలకొల్పిరి. వారి అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. పెరటి దూరదర్శిని మనకు నిన్న మొన్న వచ్చినది కాదు.

అయితే చిత్రము చెప్పలేనిది కూడ కలదు. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియునో చెప్పునది ఆకాశము. ఆ తిథి ఉదయవ్యాప్తిగా గ్రాహ్యమా, ప్రదోషవ్యాప్తిగా గ్రాహ్యమా యని నిర్ణయించునది ధర్మశాస్త్రము. ఆలయములలో దానికి తోడు ఆగమమును, స్థలసంప్రదాయమును ఉండును. గణితము దృక్సిద్ధముగా ఉండవలెనని నా నిశ్చితాభిప్రాయము. కాని ఫొటో చేతపట్టుకొని వచ్చి అర్చకునితో ఉత్సవదినమును గూర్చి వాదించుట తగదు. ఆ ప్రశ్నకు సమాధానము ఆ ఫొటోలో లేదు.

మిగిలిన గ్రహముల మాట. శుక్రుడు చంద్రునివలె నెలవంకయై కనబడును. పట్టీలు, గుర్తులు ఉండవు. బుధుడు క్షితిజమును వీడి పైకి రాడు, క్రొత్తవానికి కష్టము. చంద్రుడు పూర్ణిమనాటికంటె సప్తమి, అష్టమి రాత్రులలో అందముగా వచ్చును. వెలుగునీడల సరిహద్దున గుంటలు, కొండలు తేలును. రాహుకేతువులు ఛాయాగ్రహములు, బింబము లేదు. ఐనను 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణమును చిత్రించినవారు చంద్రునిమీద ప్రాకిన భూఛాయ అంచు గుండ్రముగా ఉండుట చూచియే ఉందురు. సూర్యునివైపు మాత్రము దూరదర్శినిని త్రిప్పనే రాదు. ముందుభాగమున తగిన సౌరవడపోత లేనిచో ఒక్క క్షణములో చూపు పోవును. పిల్లలున్న ఇంట పగటివేళ దానిని మూసి లోపల పెట్టవలెను.

ఇక శని. 2025 మార్చిలో ఆయన వలయములు అంచువైపుగా మనకు తిరిగి సన్నని గీతవలె అయినవి. ఇప్పుడు మరల తెరచుకొనుచున్నవి. 2032 నాటికి మిక్కిలి విశాలముగా కనబడును. ఏటేట ఒక చిత్రము తీసి, తేదీయు తిథియు వ్రాసి దాచుకొన్నవారికి ఆ తెరచుకొనుట వరుసగా కనబడును. శని రాశిచక్రమును ఒకమారు చుట్టుటకు ఇరువదితొమ్మిదిన్నర ఏండ్లు పట్టును. వలయము అంచునుండి పూర్తిగా తెరచుకొనుటకు ఆయన నడచునది అందు నాలుగవ వంతు, అనగా మూడు రాశులు. ఏలినాటి శని కాలమును మూడు రాశులే.