మీకు తెలుసా? కన్సల్టెన్సీ వాళ్లు మళ్లీ ఎందుకు ఫోన్ చెయ్యరో!

కన్సల్టెన్సీకి డబ్బులిచ్చేది కంపెనీ, మీరు కాదు. మన దేశంలో ఆ ఫీజు చాలాచోట్ల ఏడాది జీతంలో 8.33 శాతం. ఈ వింత అంకె ఎక్కడిదంటే, వందను పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. అంటే ఒక నెల జీతం. 12 లక్షల ప్యాకేజీకి మనిషిని కుదిర్చిపెడితే దాదాపు లక్ష, ఆపైన 18 శాతం జీఎస్టీ. ఆ బిల్లు కూడా మీకు ఆఫర్ లెటర్ వచ్చిన రోజు పెట్టరు. మీరు వెళ్లి చేరాకే పెడతారు. చేరిన మూడు నెలల్లోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టాలనో, తీసుకున్నది వాపసు ఇవ్వాలనో ఒప్పందంలో షరతు పెట్టడం మామూలే.

ఈ లెక్క తెలిస్తే సగం కోపం చల్లారుతుంది. పొద్దున పదకొండింటికి ఫోన్ చేసి "రెజ్యూమే ఇప్పుడే పంపండి సార్, క్లయింట్ వెయిటింగ్" అని తొందరపెట్టిన అమ్మాయి, సాయంత్రానికి ఫోన్ ఎత్తదు. ఈలోగా క్లయింట్ ఆ పోస్టునే ఆపేసి ఉండొచ్చు. వేరే కన్సల్టెన్సీ పంపిన మనిషి సెలెక్టయి ఉండొచ్చు. ఆ తర్వాత మీతో మాట్లాడే ప్రతి నిమిషం ఆమెకు పైసా రాని నిమిషమే. ఒక్క ముక్క "కాలేదండీ" అని మెసేజ్ పెడితే ఏం పోయింది అంటారా? ఏమీ పోదు. పెట్టకపోవడం ముమ్మాటికీ మర్యాద తక్కువే. అయినా వారం దాటాక ఒకసారి అడిగి వదిలెయ్యడం మన ఆరోగ్యానికి మంచిది.

ఫోన్ పెట్టేయగానే ఒక మెయిల్ వస్తుంది, అందులో గళ్ల పట్టిక. టోటల్ ఎక్స్‌పీరియన్స్, రిలవెంట్ ఎక్స్‌పీరియన్స్, కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్, చివర్న పాన్ నంబరు. ఉద్యోగం రాకముందే పాన్ ఎందుకో తెలుసా? పెద్ద కంపెనీలు ఒకే పోస్టును నాలుగైదు కన్సల్టెన్సీలకు ఇస్తాయి. ఒకే మనిషిని ఇద్దరు పంపితే కనిపెట్టడానికి, పేర్లు కలిసినా పాన్ కలవదు కాబట్టి, ఆ నంబరు పనికొస్తుంది. సాధారణంగా మొదట ఎక్కించిన వాళ్లకే మీ మీద హక్కు, అదీ కొన్ని నెలలపాటు. రెండోవాళ్లు పంపింది 'డూప్లికేట్' కింద తిరిగొస్తుంది. ఈ గొడవ మాకెందుకని కొన్ని కంపెనీలు ఆ మనిషినే పక్కన పెట్టేస్తాయి. అందుకని క్లయింట్ పేరు చెప్పనిదే పాన్ ఇవ్వకండి. ఎవరి ద్వారా ఏ కంపెనీకి వెళ్లారో ఒకచోట రాసిపెట్టుకోండి.

అమెరికాలో ఈ తంతుకు రాతకోతలు ఎక్కువ. 'ఈ పోస్టుకు నా తరఫున మీరే పంపండి' అని మెయిల్‌లో ఒప్పుకోమంటారు. దాన్ని ఆర్‌టీఆర్ అంటారు, అంటే రైట్ టు రిప్రజెంట్. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద ఉన్న మన పిల్లలకు ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులే. సైన్సు, ఇంజనీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు దొరికితే ఇంకో 60 రోజులు కలుస్తాయి. ఆ కంగారులో ఒకే పోస్టుకు ఇద్దరికి ఆర్‌టీఆర్ ఇచ్చి, రెండు వైపులా పోగొట్టుకునే వాళ్లున్నారు.

ఈ రిక్రూటర్లు మనల్ని వెతికే చోట్లలో ఒకటి 'నౌకరీ డాట్ కామ్' అనే ఉద్యోగాల సైట్, 1997లో మొదలైంది. అందులో రిక్రూటర్లకు కనిపించే తెర వేరు. వాళ్లు కీవర్డ్ కొట్టి, ఈమధ్య సైట్‌లోకి వచ్చినవాళ్లు ఎవరు, నోటీస్ పీరియడ్ ఎంత అని జల్లెడ పడతారు. ఆర్నెల్లుగా ముట్టుకోని ప్రొఫైల్ ఆ జల్లెడలోనే ఆగిపోతుంది. వారానికోసారి లాగిన్ అయి ఒక వాక్యం మార్చి రావడం ఉత్త చాదస్తం కాదన్నమాట.

'ఇప్పుడెంత వస్తోంది?' అని మన దగ్గర మొదటి ఫోన్‌లోనే అడుగుతారు, ఆనక పేస్లిప్పులూ అడుగుతారు. కాలిఫోర్నియాలో 2018 జనవరి 1 నుంచి పాత జీతం అడగడమే చట్టవిరుద్ధం. ఆ పోస్టుకు ఎంతిస్తారో అభ్యర్థి అడిగితే వాళ్లే చెప్పాలి. మన దగ్గర అలాంటి చట్టం లేదు గానీ "మీ బడ్జెట్ ఎంతండీ?" అని ఎదురడగొద్దని కూడా ఎవరూ అనలేదు. అడిగితే చాలామంది చెప్పేస్తారు కూడా.

"డబ్బు కట్టండి, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అనేవాళ్లు మాత్రం కంపెనీలిచ్చే ఫీజు మీద బతికే రిక్రూటర్లు కారు, మీ జేబు మీద బతికేవాళ్లు. పీఎఫ్‌కు 2014 నుంచి యూఏఎన్ నంబరు ఉంది. మీరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు దాన్ని కూడా చూస్తారు.

అభ్యర్థి దగ్గర ఫీజు ఎంత తీసుకోవచ్చో చట్టమే చెప్పే చోటు ఒకటుంది, విదేశీ కొలువులు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు సర్వీస్ చార్జీగా గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తీసుకోవచ్చు, రసీదు ఇవ్వాలి. జగిత్యాలలోనో కడపలోనో గల్ఫ్ వీసాకు లక్షల్లో అడిగే సబ్ ఏజెంటుకు ఆ లైసెన్సు ఉండదు. లైసెన్సున్న వాళ్ల జాబితా కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉంది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు.