గొంగళి, అరాన్ స్వెట్టరు

పిల్లలూ! వానలో మంద వెంట నడిచే గొర్రెల కాపరి భుజాన గొంగళి ఉంటుంది. అది మన ఉన్ని బట్ట. అలాంటిదే చలిదేశమైన ఐర్లండులో అరాన్ స్వెట్టరు. పల్లెజనం తొడుక్కొనే ఆ బట్ట దేశదేశాల్లో మంచి ధర పలికే సరుకు ఎలా అయిందో తెలుసుకుందాం.

ఐర్లండుకు పడమట, గాల్వే అఖాతం ముఖద్వారంలో మూడు చిన్న దీవులున్నాయి. అవే అరాన్ దీవులు. అక్కడ నేలంతా సున్నపురాయి. ప్రజలు ఇసుకను, సముద్రపు నాచును మోసుకొచ్చి, రాళ్లపై పరచి పొలాలు చేసుకొన్నారు. మగవారు చేపలు పట్టేవారు. ఆడవారు ఉన్ని అల్లేవారు. రంగు వేయని ఉన్నితో తాడు పేటల్లా, తేనెపట్టు గదుల్లా ఉబ్బెత్తు అల్లికలు వేసేవారు. ఇలాంటి స్వెట్టరు చేత్తో అల్లడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే దాని వెల ఎక్కువ.

అయితే సరుకు మంచిదైనంత మాత్రాన చాలదు. అది కొనేవారి కంటపడాలి. 1930లో మ్యూరియల్ గాహన్ అనే ఆమె డబ్లిన్ నగరంలో 'కంట్రీ షాప్' అనే అంగడి తెరిచారు. పల్లెల చేతిపనులకు అక్కడ చోటు దొరికింది. అరాన్ అల్లికలూ అక్కడికి చేరాయి. 1961లో క్లాన్సీ సోదరులు, టామీ మేకెమ్ అనే గాయకులు ఈ స్వెట్టర్లు తొడుక్కొని అమెరికా టెలివిజనులో పాడారు. గిరాకీ బాగా పెరిగింది.

స్వెట్టరుతోపాటు ఒక కథ కూడా వ్యాపించింది. ప్రతి కుటుంబానికీ సొంత అల్లిక ఉండేదట! సముద్రంలో మునిగిపోయిన జాలరిని దాన్నిబట్టే గుర్తుపట్టేవారట! వింటే మనసు కరుగుతుంది. కాని దీనికి చరిత్రలో ఆధారం లేదు. 1904లో ప్రదర్శించిన సింగ్ నాటకం ఒకదానిలో, ఒక చెల్లెలు చనిపోయిన అన్న మేజోడును తాను వేసిన కుట్ల లెక్కనుబట్టి గుర్తిస్తుంది. ఈ కథ అక్కడినుంచే పుట్టి ఉంటుందని పలువురి అభిప్రాయం. కొనేవాడికి నిజం తెలిసిన నాడు ఇలాంటి కథ సరుకుకే చెడ్డపేరు తెస్తుంది.

మరి నిజం చెప్పి అమ్మలేమా? 1976లో నడిమి దీవి అయిన ఇనిష్‌మాన్‌లో ఒక అల్లిక సంస్థ వెలిసింది. దీవివారికి పని కల్పించడం దాని ఆశయం. వారు యంత్రాలు వాడతారు. మేలైన నూలు ఎంచుతారు. పాత దీవి దుస్తులను చూసి కొత్త నమూనాలు వేస్తారు. ఆ దుస్తులు నేడు విదేశాల్లోని పెద్ద దుకాణాలకు వెళుతున్నాయి.

మన దేశంలో పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు ఇతరులు తమ సరుకుకు పెట్టుకోకుండా చట్టం కాపాడుతుంది. పేరు నిలిస్తేనే నేతగాని కూలి నిలుస్తుంది.

ఇప్పుడు ఒక పని చేయండి. మీరే ఒక గొంగళిని అమ్మాలనుకోండి. దానికి కట్టే చీటీపై ఏమి రాస్తారు? ఎవరు నేశారు, ఏ ఉన్నితో నేశారు, ఆ ధర ఎందుకు? ఈ మూడింటికీ నిజమైన జవాబులు రాయండి.