పది మీటర్ల గురి: ఎయిర్ పిస్టల్ పోటీలు, కొన్ని జాగ్రత్తలు

షూటింగ్ అనగానే మనలో చాలామందికి రెండే గుర్తుకొస్తాయి. ఒకటి తిరనాళ్లలో అట్ట మీద వరసగా గుచ్చిన బుడగలు, పక్కనే గొట్టం కాస్త వంకరపోయిన ఎయిర్ గన్ను. రెండోది సినిమా. మొదటిదాంట్లో గురి కుదరకపోతే నేరం గన్నుది; రెండోదాంట్లో హీరోకి గురి తప్పడమనేదే ఉండదు. ఈ రెండింటికీ మధ్య, ఎవరికీ అంతగా పట్టకుండా, ఒక నిజమైన ఆట ఉంది. దాని పేరు పది మీటర్ల ఎయిర్ పిస్టల్. ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్న మిత్రులకు దీని వాసన కొంత తెలిసి ఉంటుంది. కాని అక్కడ నేల మీద పడుకొని, మోచేతులు ఆనించి కాలుస్తాం. ఇక్కడ నిలబడి, ఒంటిచేత్తో, దేనికీ ఆనకుండా కాల్చాలి. చెప్పడానికి చిన్న తేడాయే, చేయి చాపి నిలబడితే తెలుస్తుంది.

ముందు కొలతలు చూద్దాం. షూటర్‌కూ టార్గెట్‌కూ మధ్య దూరం 10 మీటర్లు. సీసపు గుండు, అంటే పెల్లెట్, 4.5 మిల్లీమీటర్ల లావు, అర గ్రాము బరువు. టార్గెట్ మీద ఒకటి నుంచి పది దాకా వలయాలుంటాయి. నడుమనున్న పది వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. మీ చొక్కా బొత్తాం చూసుకోండి, ఇంచుమించు అంతే! ఏడు నుంచి పది వరకు ఉన్న నల్లటి భాగమంతా కలిపినా ఆరు సెంటీమీటర్లకు లోపే. పెల్లెట్ పడ్డ రంధ్రం గీతను తాకితే చాలు, పై అంకె ఇస్తారు. ఈ ఒక్క విషయంలో నియమాలు షూటర్ పక్షానే ఉన్నాయి. మొత్తం 60 గుళ్లు, 600 పాయింట్లు. ఎలక్ట్రానిక్ టార్గెట్లయితే 75 నిమిషాలు, కాగితం టార్గెట్లయితే 90. దానికి ముందు 15 నిమిషాలు సర్దుకోవడానికి, లెక్కలోకి రాని గుళ్లు కాల్చుకోవడానికి ఇస్తారు. పూర్వం స్త్రీలకు 40 గుళ్లే ఉండేవి. 2018 నుంచి వారికీ 60 చేశారు. మొదటి ఎనిమిదిమంది ఫైనల్‌కు వెళతారు. అక్కడ పాత స్కోరు పనికిరాదు, అందరూ సున్నా నుంచి మొదలు. ఒక్కొక్క గుండుకు దశాంశాలలో విలువ కడతారు. ఎక్కువలో ఎక్కువ 10.9.

ఒలింపిక్స్‌లోకి ఈ ఆట 1988లో, సియోల్‌లో వచ్చింది. కుర్రకారు ఆటగా దీనికి పేరు రావడానికి మాత్రం ఇటీవలి సంగతులే కారణం. 2018లో బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన యువ ఒలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్ బంగారు పతకాలు రెండూ మనవాళ్లకే వచ్చాయి. మను భాకర్, సౌరభ్ చౌధురీ, ఇద్దరికీ అప్పటికి పదహారేళ్లు. అదే ఏడు తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్ల వయసులో పెద్దల విభాగంలోనే జాతీయ విజేత అయింది. ఓడినవాళ్లలో మను భాకర్ కూడా ఉంది! 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే అంశంలో పలక్‌కు స్వర్ణం, ఈషాకు రజతం. పదమూడేళ్ల పిల్లకు సాధ్యమయిందంటే ఇది కండబలం ఆట కాదన్నమాట. మరి దేని బలం?

ఇక్కడ కాస్త ఫిజిక్సు అవసరం. పిస్టల్‌కు వెనుక ఒక గాడి, ముందు ఒక నిలువు పలక ఉంటాయి. వీటినే వెనుక సైట్, ముందు సైట్ అంటారు. రెంటి మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. ఆ పలక గాడి నట్టనడుమ, పైఅంచులు సమంగా కనబడాలి. అది ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి, పది మీటర్ల దూరంలో ఆ తేడా ముప్పై రెట్లు, అంటే మూడు సెంటీమీటర్లు అవుతుంది. పది రావలసిన చోట ఏడు వస్తుంది. అదే, సైట్లు సరిగ్గా ఉండి చెయ్యి మొత్తం ఒక సెంటీమీటరు పక్కకు ఊగినా తొమ్మిదికి ఢోకా లేదు. కాబట్టి చెయ్యి ఊగుతోందని బెంగపడనక్కరలేదు. ప్రపంచ విజేత చెయ్యి కూడా ఊగుతుంది. గుండె కొట్టుకుంటున్నంత కాలం ఊగక తప్పదు. సైట్లు మాత్రం చెదరకూడదు.

దీనివల్ల తేలేదేమిటంటే, షూటర్ చూడవలసింది టార్గెట్‌ను కాదు, ముందు సైట్‌ను. మన కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు గదా! ద్రోణాచార్యులవారు పరీక్ష పెడితే అర్జునుడు పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదన్నాడని చిన్నప్పుడు చదువుకున్నాం. ఎయిర్ పిస్టల్ కోచ్ దగ్గర ఆ సమాధానం చెప్తే వెనక్కి పంపేస్తాడు. ఇక్కడ పిట్టా, చెట్టూ మసకగానే ఉండాలి. కళ్లకు కట్టినట్టు కనబడవలసింది తన ఆయుధం కొస. కొత్తవాళ్లకు ఇది ఒక పట్టాన ఒంటపట్టదు. నల్లచుక్క స్పష్టంగా కనబడుతోందని సంతోషపడతారు, గుండు ఆరులో పడుతుంది.

ఇక ట్రిగ్గర్. నియమం ప్రకారం దాని లాగుడు 500 గ్రాములకు తగ్గకూడదు. పోటీకి ముందు అరకిలో తూకపు రాయిని ట్రిగ్గర్‌కు తగిలించి పిస్టల్‌ను పైకెత్తి చూస్తారు. రాయి లేవాలి, ట్రిగ్గర్ కదలకూడదు. ఆ అరకిలో బరువును వేలు మెల్లగా, ఎప్పుడు పేలిందో తనకే తెలియనంత మెల్లగా నొక్కాలి. "ఇప్పుడు బాగుంది, కాల్చేద్దాం" అనుకుని చటుక్కున నొక్కితే మణికట్టు కూడా కలిసొస్తుంది, పైన చెప్పిన ఒక మిల్లీమీటరు కథ మొదలవుతుంది. పేలిన తరువాత కూడా ఒకటి రెండు క్షణాలు అలాగే ఉండాలి. కుదరలేదనిపిస్తే కాల్చకుండా చెయ్యి దించేయాలి. 75 నిమిషాలకు 60 గుళ్లంటే ఒక్కొక్కదానికి నిమిషంపావు. దించడానికి కావలసినంత వ్యవధి ఉంది, అయినా దించడానికే మనకు మనసొప్పదు. నన్నడిగితే ఈ ఆటలో కష్టమైన పని అదే. టోక్యోలో 2021లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో చెడిపోయి పావుగంటకు పైగా పోయింది. మిగిలిన వ్యవధిలో తరుముకుంటూ కాల్చినా 575 తెచ్చుకుంది, రెండే పాయింట్లతో ఫైనల్ పోగొట్టుకుంది. అదే మనిషి 2024లో పారిస్‌లో ఇదే అంశంలో కంచు పతకం తెచ్చింది. అప్పుడూ రెండో స్థానం చేజారింది 0.1 తేడాతోనే.

ఇంతవరకు ఆట సంగతి. అసలీ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. ఈ సంవత్సరం మన హాస్టల్ మిత్రులు కొందరు చందాలు వేసుకుని ఒక ఎయిర్ పిస్టల్ కొన్నారు. అట్టపెట్టెకు కాగితం అంటించి, వరండా చివర కుర్చీలో పెట్టి సాధన మొదలుపెట్టారు. ఉత్సాహం మెచ్చుకోదగ్గదే. కాని ఆ వరండాలోకి పన్నెండు గదుల తలుపులు తెరుచుకుంటాయి! స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని ఎవడు ఎప్పుడు బయటికి వస్తాడో ఆ దేవుడికే తెలియాలి. అడిగితే "గాలి తుపాకీయే గదరా, ఏమవుతుంది?" అన్నారు.

ఏమవుతుందో చూద్దాం. పోటీ పిస్టల్ నుంచి పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వస్తుంది. పది మీటర్లు దాటడానికి రెప్పపాటు కూడా పట్టదు. దాని శక్తి అయిదారు జౌళ్లు. ప్రాణం తీసే సందర్భం అరుదు కావచ్చు, కన్ను తీయడానికి మాత్రం ధారాళంగా సరిపోతుంది. గట్టి గోడకు తగిలితే ముక్కలై వెనక్కి ఎగిరే గుణం కూడా సీసానికుంది. అట్టపెట్టె దాన్ని ఆపదు. దాని వెనుక పెల్లెట్‌ను పట్టి ఉంచే ఇనుప పెట్టె ఉండాలి. చట్టం మాటకొస్తే, 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్లు దాటని ఎయిర్ ఆయుధాలకు లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే జాగ్రత్త అక్కర్లేదని మనవాళ్లు అర్థం చెప్పుకున్నట్టున్నారు.

నిజమైన రేంజ్‌లో పద్ధతి ఎలా ఉంటుందో ఒకసారి చూసి రావాలి. పిస్టల్ పెట్టెలోంచి తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టెలో పెట్టేదాకా గొట్టం మూతి టార్గెట్ వైపే. గొట్టం పొడుగునా ఈ చివరి నుంచి ఆ చివరికి బయటికి కనబడేలా ఒక నారింజరంగు ప్లాస్టిక్ తీగ దూర్చి ఉంచుతారు. దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. అది కనబడితే లోపల పెల్లెట్ లేనట్టే. దూరం నుంచి కూడా ఎవరికైనా తెలుస్తుంది. ఆజ్ఞ వచ్చాకనే అది తీయాలి, ఆజ్ఞ వచ్చాకనే పెల్లెట్ పెట్టాలి, ఒకసారికి ఒక్కటే. "స్టాప్" అన్న మాట వినబడితే ట్రిగ్గర్ మీద వేలు సగంలో ఉన్నా ఆగాల్సిందే. టార్గెట్ల వైపు మనిషి వెళ్లాలంటే ముందు అందరి పిస్టళ్లూ ఖాళీ చేసి, ఫ్లాగులు పెట్టి, బల్లల మీద ఉంచాలి. ఆ మనిషి తిరిగి వచ్చేదాకా ఎవరూ వాటిని ముట్టకూడదు.

రెండేళ్ల క్రితం ఒక అంతర కళాశాల పోటీలో (ఊరూ పేరూ ఎందుకు లెండి) ఒక కుర్రాడి పిస్టల్ మొరాయించింది. కోచ్‌కు చూపిద్దామని చేతిలో పిస్టల్‌తోనే గిరుక్కున వెనక్కి తిరిగాడు. వెనుక కుర్చీల్లో ఉన్నవాళ్లం ఒక్కసారిగా వంగిపోయాం. రేంజ్ ఆఫీసర్ వచ్చి, పిస్టల్ తీసుకుని, అతన్ని పోటీ నుంచి తప్పించాడు. "ఖాళీగానే ఉంది సార్" అని అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నీకు తెలుసు, వాళ్లకు తెలియదు గదా బాబూ" అన్నాడాయన. అప్పటికి అతను మంచి స్కోరు మీదున్నాడు. మాలో కొందరికి ఆయన మీద కోపం వచ్చింది కూడా. నాకు మాత్రం ఆయన చేసినదే న్యాయమనిపించింది. పిస్టల్‌ను మూతి టార్గెట్ వైపుండేలా బల్ల మీద పెట్టి చెయ్యెత్తితే చాలు, ఆయనే వచ్చి చూసేవాడు.

చాలామంది పట్టించుకోనివి మరి రెండున్నాయి. పెల్లెట్లు సీసం. వాటిని తాకిన చేత్తోనే మిరపకాయ బజ్జీ తింటే ఆ సీసం కడుపులోకి పోతుంది. రేంజ్‌లో తినకూడదు, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రెండోది గాలి సిలిండరు. నేటి పోటీ పిస్టళ్లలో 200 బార్ల దాకా ఒత్తిడితో గాలి నింపుతారు. కారు టైరులో ఉండేదానికి ఇంచుమించు వంద రెట్లు. ఆ సిలిండరు మీద తయారీ తేదీ ఉంటుంది, గడువు పదేళ్లు. గడువు దాటినదాన్ని పోటీలోకి తేకూడదు. సెకండ్ హాండులో చవగ్గా వచ్చిందని సంబరపడేవారు ముందు ఆ తేదీ చూసుకోవాలి.

మన కళాశాలలో దీన్ని సవ్యంగా మొదలుపెట్టడం అసాధ్యమేమీ కాదు. వ్యాయామ విభాగం వెనుక వాడకుండా పడివున్న హాలు పొడవు చాలు. పక్క తలుపు మూసివేసి, అందరూ ఫైరింగ్ లైన్ వెనుక నుంచే వచ్చిపోయేలా చేయాలి. టార్గెట్ల వెనుక ఇనుప పెట్టెలు, మంచి వెలుతురు, తాళం వేసే బీరువా, అందరికీ కళ్లద్దాలు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, "స్టాప్" అంటే మారు మాట్లాడకుండా అందరూ వినే ఒక మనిషి కావాలి. ఆయన లేనిరోజు బీరువా తెరవకూడదు. పోటీ పిస్టల్ ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది కనుక అందరికీ ఒకటే సరిపెట్టుకోవాలి. పూర్వ విద్యార్థులెవరైనా రెండోది కొనిస్తే కాదనం. వయసు సంగతి కూడా మనకు అనుకూలమే. ఆ ఏడు డిసెంబరు 31 నాటికి 21 నిండనివారు జూనియర్ విభాగంలో పోటీ చేయవచ్చు. ఆపైన వారికి అంతర విశ్వవిద్యాలయ పోటీలు ఎలాగూ ఉన్నాయి.

హాస్టల్ మిత్రులు తమ పిస్టల్‌ను బీరువాలో పెట్టడానికి ఒప్పుకున్నారు. విద్యార్థి సంఘం ఈ ప్రతిపాదన ప్రిన్సిపాల్‌గారికి అందజేసింది. అనుమతి వచ్చాక చేరదలచినవారికి ఒక మాట ముందే చెప్పాలి: మొదటి నెల రోజులు పెల్లెట్లు ఇవ్వరు. ఖాళీ పిస్టల్‌తో, తెల్లగోడకు ఎదురుగా నిలబడి, ముందు సైట్‌ను చూస్తూ ట్రిగ్గర్ నొక్కడమే పని.